‘వీరమరణం పొందారు’ అనాలా, ‘రాలేదు’ అనాలా?

యుద్ధంలో పోయిన మా పెదనాన్న ఫోటోకి కొత్త ఫ్రేము కట్టిస్తున్నాం. కింద పేరు, ఏళ్ళు రాయడం వరకు గొడవ లేదు. క్రియ దగ్గరే ఇంట్లో పేచీ. తమ్ముడు ‘వీరమరణం పొందారు’ అని టైపు చేయించుకొచ్చాడు. ఆ ‘పొందారు’ నాకు మింగుడుపడలేదు. పతకం పొందారు, పదోన్నతి పొందారు, అదే వరసలో మరణమూనా!

వదిన ‘అసువులు బాశారు’ అంది. అసువులంటే ప్రాణాలు, పాయడమంటే విడిచిపోవడం. మాట బాగానే ఉంది కానీ లారీ ప్రమాదం వార్తల్లో వాడి వాడి అరగదీశారు. ‘నేలకొరిగారు’ అంటే నాకు గాలివానకి పడ్డ చెట్టే కనిపిస్తుంది. ‘అమరుడయ్యారు’ మాత్రం కాసేపు ఆపింది. అమరుడంటే చావులేనివాడు. ‘అమరా నిర్జరా దేవాః’ అని అమరకోశం దేవతల పేర్లు మొదలుపెట్టేదే ఆ మాటతో. చచ్చిపోయాడు కాబట్టి చావులేనివాడంటున్నాం, చిత్రమే.

నాయనమ్మ ఇవేవీ అనేది కాదు. “యుద్ధానికెళ్ళాడు, రాలేదు” అనేది, అంతే. సెలవు అయిపోయి బయల్దేరేటప్పుడు గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ “వెళ్తున్నానమ్మా” అన్నాడట. “వెళ్ళొస్తాననరా” అని ఈవిడ దిద్దిందట. తల ఎత్తకుండానే “సరే, వెళ్ళొస్తా” అన్నాడట. ఎన్నిసార్లు చెప్పినా ఆ లేసు దగ్గరే ఆగిపోయేది. టెలిగ్రాం సంగతి ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

‘రాలేదు’ అని ఫోటో కింద రాస్తే తప్పా?

జవాబు: తప్పేమీ లేదండీ. అసలు ‘చనిపోయాడు’లో ఉన్నదేమిటో చూడండి. పాత తెలుగులో ‘చను’ అంటే వెళ్ళడం. చని, పోయాడు: రెండూ వెళ్ళడాలే. మనకి చావంటే వెళ్ళిపోవడమే కనుక గడప దాటేవాడు ఉత్త ‘వెళ్తాను’ అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. ‘వెళ్ళి’ అసమాపక క్రియ, దానితో వాక్యం పూర్తవదు. ‘వస్తాను’ పడితేనే పూర్తవుతుంది. మీ నాయనమ్మగారి ‘రాలేదు’ సరిగ్గా ఆ రెండో క్రియకి వ్యతిరేకరూపం.

ఇంకొకటి. ‘రాలేదు’ పురుషను బట్టి, వచనాన్ని బట్టి మారదు. నేను రాలేదు, వాడు రాలేదు, ఆయన రాలేదు. ‘పొందాడు’ అంటే మీకు ఇబ్బంది, ‘పొందారు’ అంటే కన్నతల్లికి ఎబ్బెట్టు. ఇక్కడ ఆ బెడద లేదు.

మరో జవాబు: నాకు అభ్యంతరం ఉంది. మన ‘రాలేదు’కి అప్పుడు రాలేదనీ, ఇంకా రాలేదనీ రెండర్థాలూ ఉన్నాయి. బయటివాళ్ళు చదివితే ఆచూకీ తెలియలేదేమో అనుకుంటారు. యుద్ధంలో మరణించినవారు వేరు, గల్లంతైనవారు వేరు. రికార్డులోనూ వేరే రాస్తారు. ఫోటో కింద రాసేది ముందు స్పష్టంగా ఉండాలి, కవిత్వం తర్వాత.

నేనే మళ్ళీ: ఆ ‘ఇంకా’ గురించి రాత్రంతా ఆలోచించాను. నాయనమ్మ ఏ అర్థంలో అనేదో మేమెవరం అడగలేదు. అడిగే మాట కూడా కాదనుకోండి. ఫ్రేములో ‘యుద్ధంలో మరణించారు’ అని ఉంటుంది. తమ్ముడు ‘పొందారు’ వదులుకున్నాడు, నేను ‘రాలేదు’ వదులుకున్నాను. వెనక అట్ట మీద మాత్రం పెన్సిల్‌తో ‘వెళ్ళొస్తానన్నాడు, రాలేదు’ అని రాశాను. అది చూసి, ‘వెళ్ళొస్తా’కి ళ కింద ళ వత్తా, ల వత్తా అని వాడు ఇంకో పేచీ మొదలెట్టాడు. దానికి విడిగా పోస్టు పెడతాను.