‘నితఃపరం బెరుగ’లో పరం ఏ పరం?

నాగావళి గట్టు: పోతన భాగవతంలో మొసలి పట్టిన గజేంద్రుడు దేవుణ్ణి పిలిచే ‘లావొక్కింతయు లేదు’ పద్యంలో ‘నీవే తప్ప’ తర్వాత ‘నితఃపరం బెరుగ’నా, ‘నితరుల నెరుంగ’నా? మా ఇంట్లో రెండోదే విన్నట్టు గుర్తు. డిప్రెషన్ ఆలోచనల ప్రశ్నావళి ఒకటి శ్రీకాకుళం మనుషులకు సరిపడా తెలుగు చేసే పని నెత్తిన పడింది, అందుకని ఈ పద్యం బుర్రలో తిరుగుతోంది. 1980లో హోలన్, కెండాల్ అమెరికా కాలేజీ పిల్లల మీద కట్టింది, 30 వాక్యాలు. పోయిన వారంలో ఈ ఆలోచన ఎంత తరచుగా వచ్చిందో 1 నుంచి 5 దాకా వేసుకోవాలి. ‘నేనెందుకూ పనికిరాను’ లాంటివి. మన పెద్దాళ్లు ‘నానేటి పనికొస్తాను బాబూ’ అని నవ్వుతూనే రోజూ అంటారు కదా, అందరికీ 5 పడిపోదూ?

గంటస్తంభం: ‘నితరుల’ అంటే శార్దూల వృత్తంలో అక్కడ రావాల్సిన సగణం (రెండు లఘువులు, ఒక గురువు) చెడిపోతుంది. ‘నితఃపరం’ ఒక్కటే.

అరసవల్లి: గణం సరే, అర్థం? ఇతఃపరం అంటే ‘ఇకమీదట’. ‘నువ్వు తప్ప ఇంకెవరూ తెలీదు’ అని బళ్లో చెప్పింది సగమే. ఇక ముందేమిటో తోచట్లేదంటోంది ఏనుగు. డిప్రెషన్ గురించి మానసిక వైద్యుడు ఆరన్ బెక్ చెప్పిన మూడు, తన మీదా లోకం మీదా రేపటి మీదా నమ్మకం పోవడం, అందులో మూడోది ఇదే. మొదటిది ‘లావొక్కింతయు లేదు’.

గంటస్తంభం: మరి ‘నీవే తప్ప’ దేనికి తగిలిస్తారు? ‘నువ్వు తప్ప ఇకమీదట’ అంటే అన్వయం కుదరదు. అయినా ‘రావే ఈశ్వర’ అని పిలిచినవాడికి బెక్ గారి నిరాశ కొలతలో, అదే 1974 నాటి 20 ఒప్పు-తప్పు వాక్యాలు, ఎన్ని పడతాయంటారు?

అరసవల్లి: పిలిచి మళ్లీ ‘కలడో లేడో’ అన్నాడుగా!

గంటస్తంభం: అది ముందొచ్చే పద్యం మాస్టారూ. అనుమానం ముందు, పిలుపు తర్వాత. పోతన వరస అది.

బొబ్బిలి వీణ: మీరిద్దరూ ‘తనువున్ డస్సెన్’, అంటే ఒళ్లు అలసిపోయిందన్న మాట, వదిలేశారు. మన వైపు ఆసుపత్రికి వచ్చేవాళ్లు మనసు సంగతి ఎత్తరు, కాళ్లు పీకేస్తున్నాయి, గుండె బరువుగా ఉంది, నిద్ర లేదు అంటారు. క్లైన్‌మన్ అనే మానసిక వైద్యుడు 1982లో అచ్చేసిన పరిశోధనలో, చైనాలోని హునాన్‌లో న్యూరాస్తీనియా (నరాల నీరసం) అని రాసేసిన 100 మందిని చూస్తే 87 మందికి డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. ఆలోచనలు మాత్రమే అడిగే కాగితం ఇలాంటోళ్లకి ఏం చెప్తుంది? పోతన ఒళ్లూ చెప్పాడు, ధైర్యమూ చెప్పాడు. ఇంకో మాట, ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’, బహువచనానికి ఏకవచన క్రియ ఏమిటి?

గంటస్తంభం: అమహత్తు (జంతువులు, వస్తువుల లాంటి మాట) కదా, ‘గుర్రములు వచ్చెను’ అనమా?

నాగావళి గట్టు: అయ్యా, నా ‘నానేటి’ సంగతి?

బొబ్బిలి వీణ: ‘ఏటి’ తీసేసి ‘ఎందుకూ పనికిరానని అనిపించింది’ అని రాయండి. ‘నానేటి పనికొస్తాను’ అంటే మా తాత లెక్కలో ఇంకో పని చెప్పొద్దని.

అరసవల్లి: అలా రాస్తే పుస్తకం భాష అయిపోతుంది, రణస్థలంలో ఎవరూ అలా అనరు. గిడుగు వారి జిల్లాలో ఉండి! సరే గానీ, ‘ఇతఃపరం’ శబ్దరత్నాకరం నిఘంటువులో ఎవరైనా చూశారా?