మాట స్పష్టంగా రాని పిల్లలు క్లాసులో ఫోన్‌తో మాట్లాడొచ్చా?

ఏడో తరగతి బాబు అమ్మ: మా వాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల కండరాలు అదుపులో ఉండవు. మాట ముద్దగా వస్తుంది. ఇంట్లో మాకు అర్థమవుతుంది గానీ బయటివాళ్లకు కాదు. ఫోన్‌లో తెలుగు టైప్ చేసి, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పీకర్ గుర్తు నొక్కి చదివిస్తాడు. క్లాసులో కూడా అలా జవాబు చెప్పనివ్వమంటే, ‘ఫోన్లు నిషేధం, పైగా ఇది అలవాటైతే నోరు తెరవడం మానేస్తాడు’ అన్నారు. మీరేమంటారు?

తెలుగు మాస్టారు: స్కూలు వాళ్ల భయం ఊరికే కొట్టిపారేసేది కాదమ్మా. నా దగ్గర నత్తి ఉన్న అమ్మాయి చదివింది. తడబడినా ఆగి, ఊపిరి తీసుకుని, పద్యం పూర్తి చేసేది. ఆ రోజు తన చేతిలో ఫోన్ పెట్టి ఉంటే? అదీగాక ఒకరికి ఫోన్ ఇస్తే మిగతా అందరూ అడుగుతారు.

స్పీచ్ థెరపిస్టు: మాస్టారూ, ఈ రెండూ ఒకటి కాదండి. నత్తి ఉన్న పిల్లలకు ముందు కావాల్సింది టైము. తొందరపెట్టకుండా, వాక్యం మనం పూర్తి చేయకుండా వినాలి. ప్రతిసారీ ఫోన్ చేతికిస్తే మాట్లాడటం తప్పించుకోవడం అలవాటవుతుందన్న మీ టెన్షన్ అక్కడ సరైనదే. ఈ బాబుకు అడ్డం భయం కాదు, కండరాలు. ఎంత ధైర్యం చెప్పినా నాలుక మాట వినదు.

నోరు తెరవడం మానేస్తాడన్నదానికి మాత్రం ఆధారం లేదు. ఎదుగుదల లోపాలున్నవారిపై వచ్చిన పరిశోధనలను 2006లో కొందరు సమీక్షించారు. గట్టి ఆధారాలున్న కేసుల్లో, ఇలాంటి సాధనాల వల్ల ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంత పెరిగింది. ఇలాంటి పద్ధతులను ప్రోత్సహించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ కూడా ప్రభుత్వాలకు చెబుతోంది.

ఇక నిషేధం సంగతి. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ పెడితే ఒక్క యాప్ తప్ప ఇంకోటి తెరుచుకోదు. తెలుగు వాయిస్ డేటా ముందే దించుకుంటే చదివించడానికి నెట్ కూడా అక్కర్లేదు. ఐఫోన్‌లో 2023 నుంచి టైప్ చేసింది పైకి చదివే లైవ్ స్పీచ్ ఉంది, రోజూ వాడే వాక్యాలు దాచుకోవచ్చు.

అమ్మా, ఒక్క జాగ్రత్త. ‘naku ardham kaledu’ అని ఇంగ్లీషు అక్షరాల్లోనే వదిలేస్తే ఇంగ్లీషు వాయిస్ దాన్ని ఖూనీ చేసేస్తుంది, క్లాసంతా నవ్వుతుంది. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుంటే అదే టైపింగ్ ‘నాకు అర్థం కాలేదు’ అయిపోతుంది. ‘సార్, బాత్రూమ్‌కి వెళ్లొస్తా’ లాంటివి ముందే రాసి పెట్టండి.

తెలుగు మాస్టారు: జవాబుల వరకు ఒప్పుకుంటాను. పద్యం అప్పజెప్పే మార్కులు ఫోన్‌కి ఎలా వేయమంటారు?

స్పీచ్ థెరపిస్టు: పద్యం, భావం వచ్చాయా లేదా చూడాలంటే మీ ఎదుటే టైప్ చేయించండి, మార్కులు వేయండి. రాగం, ఉచ్చారణ వాడి చేతుల్లో లేవు, వాటికి కోత పెట్టకండి.

తెలుగు మాస్టారు: ఉచ్చారణ వదిలేయడానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. అయినా టైప్ చేయడానికి టైము ఎక్కువ ఇవ్వాలి, అది ముందు స్కూల్లో రాయించుకోండమ్మా.