కువైట్ వెళ్లే ఆడవాళ్లకు హక్కుల శిక్షణ: కడపలో ఎవరిని అడగాలి?

అందరికీ నమస్తే. మాది కడప దగ్గర పల్లె. మా పిన్నమ్మ కువైట్‌లో నాలుగేళ్లు ఇంటిపని చేసి మొన్ననే వచ్చింది. దిగిన రోజే కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకున్నాడంట. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టంలో ఉందని చెప్తే, "పోకముందు ఎవరన్నా చెప్పింటే బాగుండు కదమ్మా" అంది.

ఇప్పుడు మా పొదుపు సంఘం నుంచి ఇంకో ఆరుగురు బయలుదేరుతున్నారు. ఏజెంటు చూపించే కాగితమేమో అరబ్బీలో ఉంది! అడిగితే "నీకెందుకమ్మా" అంటాడు. నాకు అదే టెన్షన్.

ఫిలిప్పీన్స్‌లోని మైగ్రెంట్ ఫోరం ఇన్ ఆసియా లాంటి వలస కార్మికుల కూటములు చాలా దేశాల సంఘాలకు శిక్షణ ఇస్తాయి కదా. అలాంటివాటితో పనిచేసిన తెలుగువాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఇంగ్లీషు పుస్తకాలు పంచేవాళ్లు వద్దు. కాంట్రాక్టులో జీతం ఎక్కడుంది, సెలవు ఎక్కడుంది అని వేలు పెట్టి చూపించాలి. విదేశాల్లో ఇబ్బంది పడేవాళ్ల కోసం మన కేంద్ర ప్రభుత్వం పెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో వాళ్ల ఫోన్లలోనే చేయించాలి. భోజనం, బస మేం చూసుకుంటాం. ఛార్జీలు ఎంతవుతాయో చెప్పండి. ప్రయాణాలు వచ్చే నెలలోనే.