ఫైనల్‌లో నా పైనే ఇంకో విమానం ఉంది, గో అరౌండ్ చేసి ఉంటే ఏమయ్యేది?

అల్వాల్_152:

అందరికీ నమస్తే. నాది అల్వాల్. హకీంపేట కిరణ్ విమానాలు మా డాబా మీదుగా వెళ్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. ఇప్పుడు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌లో ఉన్నాను, 60 గంటలు దాటాయి, అందులో సోలో, అంటే ఒంటరిగా ఎగిరినవి, 14. ఏ స్కూలు, ఏ ఎయిర్‌ఫీల్డ్ అని దయచేసి అడగొద్దు. కంట్రోల్ టవర్ ఉన్న చోటే అని మాత్రం చెప్తాను.

గురువారం పొద్దున సెస్నా 152లో సోలో సర్క్యూట్లు చేస్తున్నాను, అంటే రన్‌వే పక్కగా చుట్టు తిరిగి మళ్లీ మళ్లీ దిగడం. రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్లేది డౌన్‌విండ్, అక్కడి నుంచి అడ్డంగా తిరిగేది బేస్, రన్‌వేకి ఎదురుగా నేరుగా దిగేది ఫైనల్. తూర్పు వైపుకి దిగుతున్నాం కాబట్టి రన్‌వే వైపు చూస్తే ఎండ నేరుగా కళ్లలో పడుతోంది, కింద ఊరి మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. మూడో సర్క్యూట్‌లో, లెఫ్ట్ డౌన్‌విండ్‌లో ఉండగా టవర్ నన్ను దిగే వరసలో నంబర్ త్రీ అంది, లాంగ్ ఫైనల్‌లో (ఫైనల్ దారిలో ఇంకా దూరంగా) ఉన్న డైమండ్ విమానం వెనకాల రమ్మంది, కనిపిస్తే చెప్పమంది. ఎడమ వైపు చూశాను, ఫైనల్‌లో ఒక విమానం దిగుతూ కనిపించింది. 'ట్రాఫిక్ ఇన్ సైట్' అని చెప్పేశాను, అది నా రెక్క దాటి వెనక్కి వెళ్లగానే బేస్‌కి తిరిగాను.

నేను చూసింది నంబర్ వన్‌ని. నేను ఎవరి వెనకాల వెళ్లాలో ఆ రెండు ఇంజన్ల డైమండ్ ఇంకా దూరంగా ఉంది, దాన్ని నేను అసలు చూడనే లేదు.

ఫైనల్‌కి తిరిగి, ఫ్లాప్స్ దించి, స్పీడ్ 60 నాట్ల దగ్గర పెట్టుకుని వస్తున్నాను. ఒక్కసారిగా టవర్ గొంతు మారింది. డైమండ్‌ని పిలిచి వెంటనే గో అరౌండ్ చెయ్యి, అంటే దిగకుండా మళ్లీ ఎక్కిపో, నీ కింద సెస్నా ఉంది అంది. ఆ సెస్నా నేనే అని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చెయ్యి దానంతట అదే థ్రాటిల్ మీదకి వెళ్లి సగం తోసేసింది, ఇంజన్ శబ్దం పెరిగింది, అంతలోనే సెస్నా అప్రోచ్ కంటిన్యూ చెయ్యి, ఎక్కొద్దు అని వినపడింది. మళ్లీ లాగేశాను. రెండు మూడు సెకన్ల తర్వాత విండ్‌షీల్డ్ పై అంచు నుంచి డైమండ్ పొట్ట బయటికొచ్చింది. దాని చక్రాలు లోపలికి ముడుచుకోవడం కూడా చూశాను, అంత దగ్గర. దిగాక టాక్సీ చేస్తుంటే కాళ్లు రడ్డర్ పెడల్స్ మీద నిలవలేదు.

నా ప్రశ్న ఏంటంటే, మా ఇన్‌స్ట్రక్టర్ మొదటి రోజు నుంచి చెప్పే మాట ఒక్కటే, డౌట్ వస్తే గో అరౌండ్. ఆ రోజు ఆ మాట ప్రకారం థ్రాటిల్ పూర్తిగా తోసి ముక్కు ఎత్తి ఉంటే ఏమయ్యేది? అంటే ఆ రూల్ తప్పా, నాకు అర్థమైంది తప్పా? ఇంకో విషయం, ఇద్దరూ బాగానే దిగారు కదా, దీన్ని కాగితం మీద పెట్టి పెద్దది చేయకు అని ఒక సీనియర్ అన్నాడు. నాకు అది సబబుగా అనిపించట్లేదు. మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు.

మారేడ్‌పల్లి_టవర్:

బాబూ, ముందు రెండు రోజులు విమానం జోలికి పోకుండా కడుపునిండా తిని పడుకో. నేను రిటైర్డ్ కంట్రోలర్‌ని. 2008 మార్చిలో ప్యాసింజర్ విమానాలన్నీ శంషాబాద్‌కి వెళ్లిపోయేదాకా బేగంపేటలో పనిచేశాను, జెట్ విమానాల మధ్యలో ట్రైనింగ్ సెస్నాలని చూసుకుంటూ దింపిన రోజులవి, కాబట్టి నువ్వు రాసింది చదువుతుంటే నా అరచేతులకే చెమట పట్టింది.

ఆ కంట్రోలర్ చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. ఒకరి మీద ఒకరు ఉన్నప్పుడు పైనున్నవాడు పైకే పోవాలి, కిందున్నవాడు కిందే ఉండాలి. ఇద్దరికీ కలిపి గో అరౌండ్ అంటే ఇద్దరూ ఒకే దారిలో ఒకేసారి ఎక్కుతారు, కిందున్నవాడు ముక్కెత్తి నేరుగా పైవాడి కడుపులోకి పోతాడు. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన మాట తప్పు కాదు. అప్రోచ్ కుదరకపోయినా, గాలి తన్నినా, రన్‌వే మీద కుక్క కనపడినా గో అరౌండే. కానీ ఆ మాట వెనక నీ పైన ఆకాశం ఖాళీగా ఉంది అనే ఊహ ఉంది. అది ఖాళీగా లేదని తెలిసిన మరుక్షణం టవర్ ఏం చెప్తే అది చెయ్యాలి. టవర్ లేని చోటైతే ఎక్కే ముందే రన్‌వేకి ఒక పక్కకి, అంటే సర్క్యూట్ లేని డెడ్ సైడ్‌కి జరిగి, కిందకీ పైకీ చూసుకుని అప్పుడు ఎక్కాలి. ఇది గ్రౌండ్ క్లాసులో ఎంతమంది చెప్తారో గానీ చెప్పాల్సిన విషయం.

ఇక అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్తాను, కోపం తెచ్చుకోకు. నిన్ను నంబర్ త్రీ అన్నారు. మూడు అంటే నీ ముందు రెండు ఉండాలి. నీకు ఒకటే కనపడింది. అప్పుడు 'ఇన్ సైట్' అనకూడదు, 'ఒకటి షార్ట్ ఫైనల్‌లో కనిపిస్తోంది, రెండోది వెతుకుతున్నాను' అనాలి. ఆ నాలుగు మాటలు చెప్పి ఉంటే కంట్రోలర్ నిన్ను డౌన్‌విండ్‌లోనే ఇంకా ముందుకి పొమ్మనేవాడు, కథ అక్కడితో అయిపోయేది. సర్క్యూట్‌లో వీఎఫ్ఆర్‌లో, అంటే బయటికి కళ్లతో చూసుకుంటూ ఎగిరే రెండు విమానాల మధ్య ఎడం ఉంచే బాధ్యత క్లాస్ డి అనే రకం కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌లో కంట్రోలర్‌ది కాదు. వాడు వరస చెప్తాడు, ఎవరు ఎక్కడున్నారో చెప్తాడు, రన్‌వే ఖాళీ అయ్యాకే ఇంకొకరిని దించుతాడు. గాల్లో చూసుకుని తప్పుకోవాల్సింది పైలట్లే. నువ్వు కనిపించింది అన్న క్షణాన కంట్రోలర్ మనసులో ఒక బరువు దిగిపోతుంది, కళ్లు ఇంకో విమానం మీదకి పోతాయి. అయినా ఆయన మళ్లీ ఫైనల్ వైపు చూశాడు చూడు, అక్కడ నువ్వు బతికిపోయావు.

రెండు_ఇంజన్లు:

తమ్ముడూ, నేను డైమండ్ 42 మీద మల్టీ ఇంజన్ రేటింగ్ చేశాను కాబట్టి పై విమానంలో కూర్చున్న మనిషి వైపు నుంచి చెప్తాను. దాంట్లో రెక్కలు మనకి కింద ఉంటాయి, దిగేటప్పుడు ముక్కు ముందూ రెక్క కిందా ఏముందో చచ్చినా కనపడదు. నీ 152లో రెక్క నీ తలమీద ఉంటుంది, పైన వెనక ఏముందో నీకు కనపడదు. అంటే సరిగ్గా నీకు కనపడని చోట ఆమె, ఆమెకి కనపడని చోట నువ్వు. పైగా వాళ్లు నీకంటే వేగంగా వస్తున్నారు, కాబట్టి ప్రతి సెకనూ గ్యాప్ తగ్గుతూనే ఉంది. (ఆమె అని అలవాటుగా రాశాను, ఎవరున్నారో నాకు తెలియదు.)

ఇంకొకటి గమనించు. లెఫ్ట్ సర్క్యూట్‌లో బేస్ మీద ఉన్నప్పుడు రన్‌వే ఎడమ వైపు ఉంటుంది, మనం కూర్చునేది ఎడమ సీట్లో, కళ్లన్నీ అటే లాగుతుంటాయి, ఎత్తు సరిపోయిందా, ఎప్పుడు తిరగాలి అని. లాంగ్ ఫైనల్‌లో వచ్చేవాడు మాత్రం కుడి వైపు నుంచి వస్తాడు. అందుకే ఫైనల్‌కి తిరిగే ముందు తల మొత్తం కుడి వైపు తిప్పి ఫైనల్ దారిలో కాస్త పైకీ, కాస్త కిందకీ చూసి, 'కుడి క్లియర్' అని నోటితో పైకే అనుకోవడం నేను అలవాటు చేసుకున్నాను, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా లేకపోయినా. అయినా కనపడతాయన్న గ్యారంటీ లేదు. నీకంటే కింద ఎగిరే తెల్ల విమానం ఊరి మీద తెల్ల డాబాల్లో కలిసిపోతుంది. ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో అటూ ఇటూ కదలదు, ఒకే చోట చుక్కలా ఉండి చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. మన కంటికి కదిలేదే ముందు కనపడుతుంది, అదే ఇక్కడ శత్రువు.

2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఇలాంటిదే జరిగింది. అక్కడ టవర్ లేదు. సర్క్యూట్ తిరిగి ఫైనల్‌కి వచ్చిన 152లో ఒక్కరే, వెనక నుంచి నేరుగా ఫైనల్‌కి చాలా ఎక్కువ స్పీడ్‌లో వచ్చిన రెండు ఇంజన్ల సెస్నా 340లో ఇద్దరు. 152 పైలట్ వెనక విమానాన్ని చూశాడు, అది చాలా వేగంగా వస్తోందని, తను గో అరౌండ్ చేస్తున్నానని రేడియోలో చెప్పాడు కూడా. ముగ్గురూ చనిపోయారు. దాని రిపోర్ట్ చదివిన రోజు నేను ఫ్లయింగ్‌కి వెళ్లలేదు.

రూల్ సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరో ఒకరు ఎత్తుతారు. దిగడానికి వస్తున్న రెండిట్లో పైనున్నది కిందున్నదానికి దారి ఇవ్వాలి, నిజమే. కానీ కిందున్నవాడు ఆ రూల్ అడ్డం పెట్టుకుని ఫైనల్‌లో ఉన్నవాడి ముందుకి దూరకూడదని కూడా అక్కడే రాసి ఉంది. నువ్వు కావాలని దూరలేదు, తెలియక దూరావు.

ఉప్పల్_నాన్న:

మా అబ్బాయి కూడా ట్రైనింగ్‌లో ఉన్నాడు, ఇల్లు తాకట్టు పెట్టి పంపించాం, అందుకే చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నాకు టెక్నికల్‌గా తెలియదు. పెద్ద విమానాల్లో ముందే హెచ్చరించే మెషీన్ ఉంటుంది కదా, పిల్లలు ఎగిరే వాటిలో ఎందుకు పెట్టరు? టవర్‌కి ఇద్దరూ కనపడుతుంటే అంత దగ్గరికి వచ్చేదాకా ఎందుకు ఆగారు? మీరంతా పిల్లాడి పొరపాటు అంటున్నారు, 14 గంటల సోలో ఉన్న కుర్రాడు అది. రిపోర్ట్ విషయంలో మాత్రం నా సలహా, బాబూ, తొందరపడకు. రాతలో పెడితే చివరికి చిన్నవాడి మీదకే వస్తుంది, లైసెన్స్ ఆగిపోతే ఎవరు తిరిగిస్తారు?

మారేడ్‌పల్లి_టవర్:

ఉప్పల్ గారూ, మీ బాధ అర్థమైంది. మీరడిగే మెషీన్ పేరు టీకాస్. 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ జంబో, కజకిస్తాన్ ఇల్యూషిన్ గాల్లో ఢీకొని 349 మంది పోయారు, ఆ తర్వాతే మన దేశంలో పెద్ద విమానాలకి దాన్ని తప్పనిసరి చేశారు. 152 లాంటి చిన్న విమానంలో అది ఉండదు. పక్క విమానాలని స్క్రీన్ మీద చూపించే చవక పరికరాలు ఇప్పుడు వస్తున్నాయి, స్కూళ్లు పెడితే మంచిదే. కానీ సర్క్యూట్‌లో నాలుగైదు విమానాలు పక్కపక్కనే తిరుగుతుంటే స్క్రీన్ నిండా చుక్కలే, తల లోపల పెట్టుకుని వాటిని చూస్తూ కూర్చుంటే బయట చూసేవాడు ఉండడు.

టవర్ ఎందుకు ఆగింది అన్నారు. ఫైనల్‌లో మూడు నాలుగు మైళ్ల దూరంలో రెండు చిన్న విమానాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి ఉన్నాయా అన్నది టవర్ అద్దంలోంచి చూస్తే చాలాసేపటిదాకా తెలియదు, రెండూ చుక్కలే. అమెరికాలో డెన్వర్ దగ్గర సెంటెనియల్‌లో, 2021 మే 12న, టవర్ ఉన్న చోటే ఒక సిరస్ విమానం తన ఫైనల్ దాటిపోయి పక్క రన్‌వేకి దిగుతున్న మెట్రోలైనర్‌ని కోసుకుంటూ పోయింది. సిరస్ విమానం మొత్తాన్నీ మోసే పారాచూట్ మీద కిందకి దిగింది, మెట్రోలైనర్ చిరిగిపోయిన ఒంటితో ఎలాగో దిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

రిపోర్ట్ విషయంలో మాత్రం మీతో ఒప్పుకోను. తప్పించుకోవడానికి దారి మార్చుకోవాల్సి వచ్చినంత దగ్గరికి రెండు విమానాలు రావడాన్ని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాదాల దర్యాప్తు నిబంధనలు, అనెక్స్ 13, తీవ్ర ఘటనల ఉదాహరణల్లోనే పెట్టాయి. డైమండ్ పైలట్ రాయొచ్చు, ఆ కంట్రోలర్ ఈపాటికే లాగ్‌లో రాసి ఉంటాడు, టేప్‌లో మాటలన్నీ ఉన్నాయి. అందరి కాగితాలూ వచ్చి నీది ఒక్కటే రాకపోతే అప్పుడు నిజంగా చిన్నవాడి మీదకి వస్తుంది. ఏం చూశావో, ఏం అన్నావో, థ్రాటిల్ సగం తోసిన సంగతి కూడా, ఉన్నదున్నట్టు రాయి బాబూ. ఎండ ఎటుందో, మంచు ఎంతుందో రాయి. అవతల కూర్చుని చదివేవాడికి అవే కావాలి.

అల్వాల్_152:

అందరికీ థాంక్స్. సార్, మీ మొదటి జవాబు చదివాక చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మూడు అంటే ముందు రెండు కనపడాలి అన్న మాట ఇన్నాళ్లూ నా బుర్రలో లేదు, నంబర్ అంటే కేవలం వెయిటింగ్ టోకెన్ అనుకున్నాను.

నిన్న రాశాను. రెండు పేజీలు వచ్చింది, థ్రాటిల్ సంగతితో సహా. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన పూర్తిగా చదివి, అరవలేదు, సోమవారం డైమండ్ పైలట్‌నీ కూర్చోబెట్టి మాట్లాడదాం అన్నారు. ఆ పైలట్ నా కంటే రెండు బ్యాచ్‌లు సీనియర్, క్యాంటీన్‌లో తనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గో అరౌండ్ చేసి ఎక్కేటప్పుడు కూడా నేను తనకి కనపడనే లేదట, టవర్ చెప్పింది కాబట్టి ఎక్కానన్నాడు. రెండు ఇంజన్ల అక్కా, మీరు చెప్పింది అచ్చంగా అదే.

అమ్మకి రాత్రి చెప్పాను. ఏమీ అనలేదు, ఆ డైమండ్ అబ్బాయి వాళ్ల అమ్మకి తెలుసా అని మాత్రం అడిగింది.

మంగళవారం పొద్దున ఇన్‌స్ట్రక్టర్‌తో డ్యూయల్ ఉంది, సర్క్యూట్లే. ఫైనల్‌కి తిరిగే ముందు కుడి క్లియర్ అని పైకే అంటాను.