ఆశ్రయ కేంద్రం నుంచి కుక్కను తెచ్చుకునే ముందు

ప్రశ్న (భీమవరం దగ్గరి పల్లె): మా ఇల్లు చేపల చెరువు గట్టున ఉంది. ఆశ్రయ కేంద్రంలో చూసిన ఒక నాటు కుక్కను తెచ్చుకోవాలనుకుంటున్నాము. దాని చెవి కొన కత్తిరించి ఉంది, అది గాయమా? టీకాల గురించి ఏమేమి అడగాలి?

జవాబు (అమలాపురం): గాయం కాదండి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసిన వీధికుక్కలకు పెట్టే గుర్తు అది. ఆ సమయంలోనే రేబిస్ టీకా కూడా వేస్తారు గనుక, వేసిన తేదీ ఉన్న కార్డును తప్పక అడిగి తీసుకొని, ఏటా మళ్లీ వేయించండి.

జవాబు (తణుకు): మన డెల్టాలో అంతకన్నా ఎక్కువగా మరచిపోయేది లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన చేల నీటిలో, బోదెల్లో తిరిగే కుక్కకు అది సోకుతుంది, దాని మూత్రం ద్వారా మనుషులకూ రావచ్చు. అందువల్ల ఆ టీకా కూడా ఏటా వేయించి, వానాకాలంలో నిలవ నీటి వైపు వదలకుండా చూసుకోండి. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడడం కనిపిస్తే పశువైద్యుని వద్దకు వెంటనే తీసుకువెళ్లాలి.

జవాబు (నరసాపురం): మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టడం మన ఇళ్లలో మామూలే గాని, ఉడికిన ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది, ఉల్లిపాయ కుక్కలకు విషం. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పెట్టండి.