నల్లరేగడి నేలలో చెక్క అరుగు: పునాది ఎలా వేయాలి?

నమస్కారం. గుంటూరు దగ్గర మా పెరట్లో, వేపచెట్టు పక్కన, పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పుతో చెక్క అరుగు స్వయంగా కట్టుకోవాలనుకుంటున్నాను. ఎత్తు అడుగున్నర చాలు. రంపం, డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి, చెక్కపనిలో కొద్దోగొప్పో చెయ్యి తిరిగింది.

బెంగంతా నేల గురించే. మాది నల్లరేగడి. వానలకు ఉబ్బుతుంది, ఎండాకాలంలో అరచెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ప్రహరీగోడ ఇప్పటికే ఒక మూల బీటవారింది. ఇలాంటిచోట సిమెంటు దిమ్మెలు ఊరికే పేర్చి దూలాలు పరిస్తే సరిపోతుందా, గుంతలు తీసి కాంక్రీటు పోయాలా? పోస్తే ఎంత లోతు? గుంత అడుగున ఇసుక నింపమని మేస్త్రి అంటున్నారు. ఆయన మాట కొట్టిపారేయలేను. కానీ ఆయన కట్టేవి ఇళ్లు, వాటి బరువే వాటిని కొంత అణచిపెడుతుంది. ఈ తేలికపాటి అరుగును నేల సులువుగా పైకెత్తేయదా?

ఇక చెదలు. పైపలకలకు టేకు కొనగలను, కింది దూలాలకూ అదే అంటే జేబు ఒప్పుకోదు. బదులుగా జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు వేసి, పలకల మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు వదిలి స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగిద్దామని ఆలోచన. వానకూ ఎండకూ టేకు కదిలితే స్క్రూలు వదులవుతాయా? రేగడి నేలలో కట్టి, ఒకటి రెండు వానాకాలాలు చూసినవారు చెబితే మరీ మేలు.