డిప్‌స్టిక్ లేని స్పోర్ట్స్ కారు: ఆయిల్ లెవెల్ విషయంలో స్క్రీన్ మాట నమ్మొచ్చా?

సెల్లార్_911 (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మూడు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో 2013 పోర్షే 911 కరెరా కొన్నాను. 991 తరం, 3.4 లీటర్ల ఇంజన్. ఇంతకు ముందు నడిపిన ప్రతి కారుకీ ఆదివారం ఆదివారం బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే ఇనప పుల్ల) లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూడటం మా నాన్న నేర్పిన అలవాటు. దీనికి అసలు డిప్‌స్టిక్కే లేదు. వెనక మూత ఎత్తితే రెండు ఫ్యాన్లు, ఆయిల్ పోసే మూత, కూలెంట్ మూత. ఇంజన్ ముఖం కూడా కనపడదు. ఆయిల్ ఎంతుందో మీటర్ల పక్కనున్న స్క్రీన్ చెబుతుంది, మనం వినాలి.

మొన్న ఆదివారం ఊరంతా తిరిగొచ్చి, ఇంజన్ వేడి మీద ఉండగానే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూశాను. స్క్రీన్ మీద ఆయిల్ లెవెల్ చూపించే పట్టీ సగం కన్నా కిందుంది. అర లీటరు పోశాను. మర్నాడు పొద్దున్నే ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి, బంకులో ఆగి చూస్తే పట్టీ పై గీతను దాటేసింది! సర్వీసువాళ్లకు ఫోన్ చేస్తే "సెన్సార్ ఒక్కోసారి అలాగే చూపిస్తుంది సార్, ఏం కాదు" అన్నారు. ఆ "ఏం కాదు" విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఇంత ఖరీదైన బండికి ఆ చిన్న ఇనప పుల్ల తీసేయడం న్యాయమా? మీరేమంటారు?

ఆటోనగర్_గేజి (విజయవాడ)

తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పుతున్నాను, బిగిస్తున్నాను. గేజి, అదే మీ డిప్‌స్టిక్, తీసేసినవాడు ఇంజన్‌కి నాడి పట్టుకునే చెయ్యి తీసేశాడు. నా మాట ఇదే.

గేజి చెప్పేది లెవెల్ ఒక్కటే అనుకుంటారు అందరూ. ఆయిల్‌ని రెండు వేళ్ల మధ్య రుద్దితే జిగురుందో లేదో తెలుస్తుంది. పాల టీ రంగుకి తిరిగితే లోపల నీళ్లు కలిశాయని అర్థం. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ కలిసిందో లేదో చెప్పేస్తుంది. ఎండలో పెడితే మెరుపు రజను కనపడిందా, బేరింగులు అరుగుతున్నట్టే. ఇవన్నీ మీ స్క్రీన్ చెబుతుందా?

ఇంకో మాట. ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే అది లెవెల్ దీపం అనుకుని "ఇంటికెళ్లాక ఆయిల్ పోసుకుందాంలే" అని నడిపేవాళ్లు నా షెడ్డుకి నెలకొకడైనా వస్తాడు. అది ప్రెషర్ దీపం. అది వెలిగాక ఇంటిదాకా కాదు, పక్క సందుదాకా కూడా నడపకూడదు. ఆదివారం గేజి చూసుకునేవాడికి ఆ గతి పట్టదు.

స్టుట్‌గార్ట్_తెలుగోడు

అన్నా, మీ అనుభవానికి దండం. కానీ గేజి ఉన్న రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదన్నట్టు మాట్లాడకండి. ముఖ్యంగా 911 విషయంలో.

1998 దాకా వచ్చిన ఎయిర్ కూల్డ్ 911లన్నిటికీ డిప్‌స్టిక్ ఉండేది. దాన్ని చూసే పద్ధతి ఎంతమందికి తెలుసు? ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, కారు చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతుండగానే పుల్ల లాగాలి. మామూలు కార్లలాగా ఆపి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే పుల్ల మీద ఆయిలే కనపడకపోవచ్చు. అయ్యో అని ఒకటిన్నర లీటరు పోస్తారు. వేడెక్కాక అదంతా బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వచ్చి, వెనక నీలం పొగ. పుల్ల తప్పు కాదు, చూసినవాడి తప్పు. కానీ ఇంజన్‌కి రెండూ ఒకటే కదా.

మనుషుల్ని నమ్మితే ఏమవుతుందో 1972 మోడల్ 911 చూపించింది. ఆ ఏడాది ఆయిల్ ట్యాంకుని వెనక చక్రానికి ముందుకు జరిపి, ఆయిల్ పోసే మూతని బయటికి, కుడి తలుపు వెనకాల బాడీ మీద పెట్టారు. అచ్చం పెట్రోల్ మూతలాగే ఉంటుంది. బంకు కుర్రాళ్లు అందులో పెట్రోల్ కొట్టడం మొదలుపెట్టారు. 1973 మోడల్‌కల్లా ఆ మూత మాయం. ఇప్పుడు పాత కార్ల సంతలో ఆ ఒక్క ఏడాది కారుకే ప్రత్యేకంగా గిరాకీ, అది వేరే సంగతి.

991లో స్క్రీన్ చేసేదేమిటంటే, ఇంజన్ తగినంత వేడెక్కే దాకా, ఐడిల్‌లో నిలబడే దాకా లెక్క చెప్పదు. పాత పద్ధతే, మనం తప్పు చేసే వీలు తగ్గించింది. నా ఓటు స్క్రీన్‌కే.

డాలస్_వీ8

వేడిగా, తిరుగుతుండగా ఎందుకు చూడాలో అర్థం కాని వాళ్ల కోసం మన భాషలో చెబుతా.

మీ ఇంట్లో నేల కింద సంపు, మేడ మీద ట్యాంకు ఉంటాయి కదా. మామూలు కారు అంటే సంపు మాత్రమే ఉన్న ఇల్లు. ఆయిల్ అంతా కిందే ఉంటుంది, పంపు అక్కణ్నుంచే లాగుతుంది. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగితే పైకెక్కిన ఆయిల్ దిగివస్తుంది, అప్పుడు పుల్ల ముంచితే లెక్క సరిగ్గా వస్తుంది.

911లో ఉండేది డ్రై సంప్. అంటే మేడ మీద ట్యాంకున్న ఇల్లు. సంపులో పడ్డ ఆయిల్‌ని పడ్డట్టే వేరే పంపులు లాగి ట్యాంకులోకి తోస్తుంటాయి. లెవెల్ చూసేది ట్యాంకులో. మోటారు ఆపాక వాల్వు కారుతుంటే తెల్లారేసరికి నీళ్లు సంపులోకి దిగినట్టే, ఇంజన్ ఆపి రాత్రంతా వదిలేస్తే ట్యాంకులో ఆయిల్ పంపుల సందుల్లోంచి మెల్లగా కిందికి జారుతుంది. పొద్దున్న ట్యాంకు చూసి "నీళ్లు లేవు" అని ట్యాంకర్ పిలిపిస్తే ఏమవుతుంది? మోటారు వేయగానే పొంగి మేడంతా తడుస్తుంది.

ఇంత తతంగం ఎందుకంటే మలుపుల కోసం. ఆస్టిన్ రేస్ ట్రాక్‌లో 16, 17, 18 మలుపులు కలిసి ఒకే పొడుగాటి కుడి మలుపు. అక్కడ వేగంగా పోతుంటే మామూలు సంపులో ఆయిల్ మొత్తం ఎడమ గోడకెక్కి కూర్చుంటుంది. పంపు గొట్టానికి గాలి తగులుతుంది. బేరింగులకు ఆ రెండు మూడు సెకన్లు చాలు.

నాది సీ8 కార్వెట్. డ్రై సంప్, అయినా డిప్‌స్టిక్ ఉంది. బాగా వేడెక్కించి, ఆపి, కొన్ని నిమిషాలు ఆగి చూడాలి, ఆపీ ఆపగానే కాదు, మర్నాడూ కాదు. చూశారా, అదే డ్రై సంప్, పద్ధతి మళ్లీ వేరు. కాబట్టి "స్పోర్ట్స్ కార్లన్నిటికీ ఇలా చూడాలి" అని ఎవరైనా చెబితే అక్కడే ఆపేయండి. మీ కారు మాన్యువల్ తెరవండి.

బాక్సర్_పండితుడు (బెంగళూరు)

చిన్న సవరణ. 991 కరెరాలో విడిగా ఆయిల్ ట్యాంకు లేదు. ఇంజన్ అడుగునే ఆయిల్ గది ఉంటుంది. పోర్షే దాన్ని ఇంటిగ్రేటెడ్ డ్రై సంప్ అంటుంది. పాతకాలపు అభిమానులు "అది డ్రై సంప్ ఎలా అవుతుంది" అని ఇప్పటికీ కొట్టుకుంటుంటారు. మీ మేడ ట్యాంకు పోలిక దీనికి పూర్తిగా అతకదు.

డాలస్_వీ8

సరే గురువుగారూ, మేడ మీద కాదు, మెట్ల కింద ట్యాంకు అనుకోండి. మోటారు వేసి చూడాలా వద్దా?

బాక్సర్_పండితుడు (బెంగళూరు)

వేసే చూడాలి. అందులో తేడా లేదు.

రోటరీ_రోగి (మెల్‌బోర్న్)

మీ అందరి బాధా చూస్తుంటే నవ్వొస్తోంది. నాది మాజ్దా ఆర్‌ఎక్స్-8. పిస్టన్ల బదులు తిరిగే రోటర్లుండే ఈ రోటరీ ఇంజన్ ఆయిల్‌ని కావాలనే తాగుతుంది. రోటర్ కొసల్లో ఉండే సీళ్లు ఎండిపోకుండా చిన్న పంపు ఒకటి కొంచెం కొంచెం ఆయిల్‌ని లోపలికి చిమ్ముతూనే ఉంటుంది. అది రోగం కాదు, దాని తిండి. రెండుసార్లు పెట్రోల్ ట్యాంకు నింపితే ఒకసారి పుల్ల లాగి చూస్తా. ఈ కారుని ముందు నడిపినవాడు చూడలేదు, ఇంజన్ నేను విప్పించాను. స్క్రీన్ ఉన్నా పుల్ల ఉన్నా, చూడనివాడికి ఏదైనా ఒకటే.

ఆటోనగర్_గేజి (విజయవాడ)

స్టుట్‌గార్ట్ తమ్ముడూ, 1972 కథ బాగుంది. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. స్క్రీన్ తప్పు చూపిస్తే ఎవరిని అడగాలి? గేజి ఉంటే స్క్రీన్‌కి సాక్షి ఉంటుంది. ఇప్పుడు ఈ అబ్బాయి సంగతే చూడు. స్క్రీనే పొయ్యమంది, స్క్రీనే ఎక్కువైందంటోంది. ఒకే మనిషి వాదీ ప్రతివాదీ అయితే తీర్పెవరు చెప్పాలి?

ఇంకోటి. మామూలు కారులో ఎక్కువైతే గేజి గొట్టంలోంచి సన్న ట్యూబు దించి, సిరంజితో పావు లీటరు లాగేస్తాం, అయిదు నిమిషాల పని. దీనికి ఆ గొట్టమే లేదు. లిఫ్టు ఎక్కించాలి, కింద ట్రే విప్పాలి, డ్రెయిన్ బోల్టు వదులు చెయ్యాలి. పుల్ల తీసేసినందుకు కంపెనీకి ఎంత లాభమో నాకు తెలియదు, కుర్రాడికి మాత్రం ఒక రోజు సెలవు ఖర్చు.

స్టుట్‌గార్ట్_తెలుగోడు

గొట్టం విషయంలో మీదే గెలుపు. ఇంకోటి కూడా నేనే ఒప్పుకుంటా. ఇక్కడ చలికాలంలో రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆపేసే కార్లలో కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది, లెవెల్ తగ్గకపోగా పెరుగుతుంది. స్క్రీన్ నిండుగా చూపిస్తుంది, ఆయిల్ మాత్రం పల్చబడి ఉంటుంది. వాసన చూస్తేనే దొరుకుతుంది అది. అయితే 911 యజమానుల్లో వాసన చూసేవాళ్లెందరు అన్నా? చేతికి మసి అంటుతుందని గ్లవ్స్ వేసుకునే బ్యాచ్ ఇది.

లెక్కల_మేడం (గుంటూరు)

నా దగ్గర స్పోర్ట్స్ కారు లేదు, పదకొండేళ్ల ఆల్టో ఉంది. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మీరంతా సెన్సారా పుల్లా అని పోట్లాడుకుంటున్నారు, అసలు సంగతి ఎవరూ అడగలేదు.

ఇంజన్ ఆయిల్ డిగ్రీకి సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. 8 లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే దాదాపు 390 మిల్లీలీటర్లు పెరుగుతుంది. వేడిగా చూడాలా చల్లగా చూడాలా అన్నది చాదస్తం కాదు, బాబు పోసిన అర లీటరుకి దగ్గర్లో ఉన్న లెక్క. కానీ ఆయన రెండుసార్లూ వేడి మీదే చూశారు. అంటే తేడా ఇంకెక్కడో ఉంది.

సెల్లార్ నేల చదునుగా ఉందా? నీళ్లు నిలవకుండా కాలవ వైపు వాలు పెట్టి పోస్తారు కదా. ఆయిల్ ఉన్న గది 40 సెంటీమీటర్ల పొడవుందనుకోండి. నేల వాలు నూటికి 3 ఉంటే ఆ చివరికీ ఈ చివరికీ 1.2 సెంటీమీటర్ల తేడా. సెన్సార్ ఏ వైపుంటే ఆ వైపు కథే చెబుతుంది. పుల్ల పెట్టినా అంతే చెప్పేది.

ఇంకో మాట. సెల్లార్‌లో తలుపులేసి ఇంజన్ తిప్పుతూ పట్టీలు లెక్కపెట్టకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు.

డాలస్_వీ8

మేడం, మేం నలుగురం రెండు రోజులుగా కొట్టుకుంటున్నాం. ఆల్టో నుంచి వచ్చి తేల్చేశారు.

సెల్లార్_911 (హైదరాబాద్)

మేడం గారూ, మీకు పాదాభివందనం. పక్క ఫ్లాట్‌లో టైల్స్ వేస్తున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, నా పార్కింగ్ గళ్లో పెట్టి చూశాను. బుడగ ఒక పక్కకి పరిగెత్తింది. మేస్త్రీ నవ్వి, "సార్, కార్లు కడిగిన నీళ్లు పోవాలి కదా, వాలు మేమే పెట్టాం" అన్నాడు.

నిన్న సాయంత్రం శంషాబాద్ బంకులోనే అదే చోట మళ్లీ చూశాను. ఇంజన్ వేడి, ఐడిల్, రసమట్టం పెట్టి మరీ. పై గీత దాటే ఉంది. అంటే సెన్సార్ అబద్ధమాడలేదు, సెల్లార్‌లో నేనే దాన్ని తప్పు ప్రశ్న అడిగాను. ఇవాళ సెలవు పెట్టి వేరే గ్యారేజీకి వెళ్లాను. ఆటోనగర్ అన్న చెప్పినట్టే లిఫ్టు, ట్రే, డ్రెయిన్ బోల్టు, మూడు గంటలు. 400 మిల్లీలీటర్లు తీశారు. ఇప్పుడు పట్టీ పై గీతకి కాస్త కింద ఉంది.

డిప్‌స్టిక్ ఉండాల్సిందే అనే మాట మీద మాత్రం నేను కదలడం లేదు. ఈ మూడు గంటల తర్వాత అస్సలు కదలను.

స్టుట్‌గార్ట్_తెలుగోడు

డిప్‌స్టిక్ ఉన్నా ఆ సెల్లార్‌లోనే చూసేవాడివి, అదే అర లీటరు పోసేవాడివి. నేనూ కదలను.

ఆటోనగర్_గేజి (విజయవాడ)

అదంతా సరేగానీ తమ్ముడూ, ఆ తీసిన నాలుగొందల మిల్లీ వాసన చూశావా?

సెల్లార్_911 (హైదరాబాద్)

చూశాను అన్నా. వేళ్లతో రుద్ది కూడా చూశాను. పెట్రోల్ వాసన లేదు, రజను లేదు. గ్యారేజీవాళ్లు నన్ను అదోలా చూశారు. చొక్కాకి మరకైంది.